చెత్త ఎత్తేవారి పక్షాన నిలిచిన మార్టిన్ లూథర్ కింగ్

జనవరి నెల మూడో సోమవారం వచ్చిందంటే అమెరికా దేశమంతటా ప్రభుత్వ కార్యాలయాలకు, బ్యాంకులకు, పోస్టాఫీసులకు సెలవు. చాలా చోట్ల బడులు కూడా మూసివేస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఆనాడు బడి ఉండదు. మంత్రిగా గాని, సైన్యాధిపతిగా గాని, కనీసం పురపాలక సంఘ సభ్యుడుగా గాని ఏనాడూ పనిచేయని ఒక నల్లజాతి పాస్టరు పుట్టినరోజు పేరిట వచ్చిన సెలవు అది. ఆయన పేరు మార్టిన్ లూథర్ కింగ్. 39 ఏళ్ళకే తుపాకి గుండుకు బలి అయినారు.

ఈ సెలవు సులువుగా వచ్చింది కాదు. ఆయన మరణించిన నాలుగో రోజున ప్రతినిధుల సభలో బిల్లు ప్రవేశపెడితే, అది చట్టం కావటానికి 15 ఏళ్ళు పట్టింది. ప్రభుత్వం గుర్తించక ముందు ఆయన పుట్టినరోజు జరుపుకొన్నవారు చర్చిలకు వెళ్ళే సామాన్యులు, ఫ్యాక్టరీ కార్మికులు, ఆసుపత్రుల్లో చిన్న ఉద్యోగాలు చేసేవారు. ఆయన ఎవరి కోసం బతికారో వారే ఆయనను ముందుగా తలచుకొన్నారు.

కింగ్ 1929 జనవరి 15న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరంలో జన్మించారు. తండ్రి ఎబినేజర్ బాప్టిస్టు చర్చి పాస్టరు. తల్లి తండ్రి కూడా అదే చర్చిలో పాస్టరుగా పనిచేసినవారే. తిండికీ బట్టకూ లోటులేని ఇల్లు. పుట్టినప్పుడు పెట్టిన పేరు మైకేల్. 1934లో తండ్రి జర్మనీ వెళ్ళి వచ్చారు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఆ దేశంలో మత సంస్కరణకు నడుం కట్టిన మార్టిన్ లూథర్ పేరును ఆ తర్వాత తనకూ, కొడుక్కూ కూడా పెట్టుకొన్నారు.

అమెరికాలో బానిసత్వం 1865లోనే రద్దయింది. అయితే దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారు వేరే చట్టాలు చేసుకొన్నారు. నల్లవారికి బడి వేరు, ఆసుపత్రి వేరు, హోటలు వేరు, మంచినీళ్ళ కొళాయి వేరు. ఊరి బావి, వాడ బావి వేరుగా ఉన్న రోజులు ఎరిగిన మన పెద్దలకు ఇది వింతగా తోచదు.

కింగ్‌కు చిన్నతనంలో ఒక తెల్ల పిల్లవాడు ఆటల్లో జతగాడు. బడి ఈడు రాగానే ఇద్దరూ వేర్వేరు బడులకు వెళ్ళారు. ఇక తమవాడితో ఆడుకోవటానికి రావద్దని ఆ పిల్లవాడి ఇంటివారు చెప్పివేశారు. ఇంకోనాడు తండ్రితో కలిసి జోళ్ళ దుకాణానికి వెళితే, ముందు కుర్చీల్లో కూర్చోరాదని, వెనక్కి వెళితేనే జోళ్ళు చూపిస్తానని గుమాస్తా అన్నాడు. తండ్రి కొడుకు చెయ్యి పట్టుకొని జోళ్ళు కొనకుండానే బయటకు నడిచారు. 1944లో వక్తృత్వ పోటీకి పొరుగూరు వెళ్ళి వస్తుండగా, తెల్ల ప్రయాణికులు ఎక్కటంతో బస్సులో సీటు వదలి లేవవలసి వచ్చింది. ఉపాధ్యాయురాలితో పాటు ఆ కుర్రవాడు సుమారు 90 మైళ్ళు నిలబడే ప్రయాణం చేశాడు. జీవితంలో తనకు అంతటి కోపం మరెన్నడూ రాలేదని ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకొన్నారు.

చదువులో చురుకైనవాడు. 15వ ఏటనే కాలేజీలో చేరి, మత విద్య కూడా పూర్తిచేసి, 1955లో బోస్టన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ఈ మధ్యకాలంలో ఫిలడెల్ఫియాలో ఒక ఉపన్యాసం విన్నారు. ఉపన్యసించినవారు హోవర్డ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు మోర్డెకాయ్ జాన్సన్. అప్పుడే భారతదేశం చూసి వచ్చి గాంధీజీని గురించి చెప్పారు. కింగ్ అక్కడినుంచి నేరుగా వెళ్ళి గాంధీజీ మీద అరడజను పుస్తకాలు కొనుక్కొన్నారు. క్రీస్తు బోధించిన ప్రేమ మనిషికీ మనిషికీ మధ్య పనికివస్తుందిగాని ప్రజా సమస్యలకు అది ఆయుధం కాజాలదని అప్పటిదాకా ఆయనకు సందేహం. ఆ సందేహం ఉప్పు సత్యాగ్రహం సంగతులు చదివాక తీరింది.

1953లో కొరెట్టా స్కాట్‌ను పెళ్ళాడారు. ఆమె సంగీతం చదువుకొన్న విద్యావంతురాలు. మరుసటి ఏడు అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ పట్టణంలో ఒక చర్చికి పాస్టరుగా కుదిరారు.

381 రోజుల నడక

ఆ పట్టణంలో బస్సు ఎక్కే నల్లవారి పాట్లు చెప్పనలవి కాదు. బస్సులో ముందు పది సీట్లు తెల్లవారివి. అవి ఖాళీగా ఉన్నా నల్లవారు నిలబడవలసిందే. ముందు ద్వారం దగ్గర డబ్బు చెల్లించి, దిగి, వెనక ద్వారం నుంచి ఎక్కాలి. ఆ కాస్త వ్యవధిలో డ్రైవరు బస్సు నడిపించుకుపోవటం కూడా కద్దు. బస్సుల్లో తిరిగేవారిలో నూటికి డెబ్బై మందికి పైగా నల్లవారే కావటం ఇక్కడ గమనించదగిన సంగతి.

1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే 42 ఏళ్ళ కుట్టుపని మనిషి ఒక తెల్ల ప్రయాణికుడికి సీటు ఇవ్వటానికి నిరాకరించారు. పోలీసులు అరెస్టు చేశారు. జరిమానా, కోర్టు ఖర్చులు కలిపి 14 డాలర్లు పడింది. అదే ఏడు మార్చిలో క్లాడెట్ కోల్విన్ అనే 15 ఏళ్ళ బాలిక కూడా ఇలాగే నిరాకరించి అరెస్టయిందిగాని ఆమె పేరు చాలాకాలం మరుగున పడిపోయింది. పార్క్స్ అరెస్టు వార్త తెలిసిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు నిద్ర మానుకొని వేలకొద్దీ కరపత్రాలు సైక్లోస్టైల్ చేశారు. డిసెంబరు 5, సోమవారం నాడు ఎవరూ బస్సు ఎక్కవద్దని అందులో కోరారు. ఆనాడు బస్సులు ఖాళీగా తిరిగాయి. అదే రోజు ఏర్పడిన సంఘానికి కింగ్ అధ్యక్షులయినారు. అప్పుడు వారి వయస్సు 26. ఊరికి కొత్త. ఎవరితోనూ పాత తగాదాలు లేవు. ఆయనను ఎన్నుకోవటానికి అదీ ఒక కారణమే.

వారి కోర్కెలు మొదట చాలా చిన్నవి. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి, ముందు వచ్చినవారికి ముందు సీటు ఇవ్వాలి, నల్లవారు ఎక్కువగా ఉండే దారుల్లో నల్ల డ్రైవర్లను పెట్టాలి. అంతే. బస్సు కంపెనీ, నగర పాలకులు ససేమిరా అన్నారు. ఒకనాటి బహిష్కరణ 381 రోజులు సాగింది.

ఇన్ని రోజులు జనం ఎలా తిరిగారు? నల్లజాతి టాక్సీవారు బస్సు ఛార్జీకే, అంటే 10 సెంట్లకే ఎక్కించుకొన్నారు. 45 సెంట్లకు తగ్గరాదని నగర పాలకులు హుకుం జారీచేశారు. అప్పుడు కార్లు ఉన్నవారు ముందుకు వచ్చారు. సుమారు 300 కార్లు వేళ ప్రకారం కూలీలను, పనిమనుషులను చేరవేశాయి. ఆ కార్ల బీమాను కంపెనీలు రద్దుచేస్తే లండన్‌లో బీమా చేయించారు. చాలామంది మాత్రం నడిచారు. రోజుకు ఏడెనిమిది మైళ్ళు నడిచి తెల్లవారి ఇళ్ళలో అంట్లు తోమి, వంటలు చేసి మళ్ళీ నడిచి వచ్చిన ముసలివారు ఉన్నారు. పనిమనిషి రాకపోతే ఇల్లు గడవదు గనుక కొందరు తెల్ల ఇల్లాళ్ళు స్వయంగా కారు వేసుకువెళ్ళి వారిని తెచ్చుకొన్నారు. పాలకులు ఎంత మొత్తుకొన్నా వారు ఆ పని మానలేదు. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి తోటి ఆడవారిని కూడగట్టి కేకులు, భోజనాలు అమ్మి ఉద్యమానికి డబ్బు సమకూర్చారు. కింగ్ ఉపన్యాసాలను లోకం మెచ్చుకొన్నది. ఆ ఉద్యమానికి పెట్రోలు పోయించినవారిలో ఇలాంటి వంటమనుషులు ఉన్నారని మాత్రం కొద్దిమందికే తెలుసు.

1956 జనవరి 30 రాత్రి కింగ్ సభలో ఉండగా ఇంటి మీద బాంబు పడింది. లోపల భార్య, చంటిబిడ్డ ఉన్నారు. అదృష్టవశాత్తు ఇద్దరికీ దెబ్బ తగలలేదు. వార్త తెలిసి వందలాది మంది, కొందరు ఆయుధాలతో కూడా, ఇంటి ముందు గుమికూడారు. ఆ క్షణంలో ఆయన నోట ఒక్క తప్పు మాట వచ్చి ఉంటే ఊరు రక్తసిక్తమయ్యేది. పగిలిన వసారాలో నిలబడి, ఆయుధాలు ఇంటికి పట్టుకుపొమ్మని, పగ వద్దని చెప్పి పంపించివేశారు.

నవంబరు 13న ఆ కార్ల ఏర్పాటును నిలిపివేయాలని నగర పాలకులు వేసిన దావా విచారణకు కింగ్ కోర్టులో కూర్చొని ఉన్నారు. ఓడిపోవటం ఖాయమని ఆయనకు తెలిసిపోయింది. సరిగ్గా ఆనాడే అమెరికా సుప్రీం కోర్టు బస్సుల్లో జాతి భేదం చెల్లదని తీర్పు చెప్పినట్లు వార్త అందింది. ఉత్తర్వు కాగితం చేరటానికి ఇంకో నెల పైన పట్టింది. అప్పటిదాకా జనం నడుస్తూనే ఉన్నారు. డిసెంబరు 21 ఉదయం కింగ్ బస్సు ఎక్కి ముందు సీటులో కూర్చొన్నారు.

భారత యాత్ర

1959లో భార్యతో కలిసి నెల రోజులు భారతదేశంలో పర్యటించారు. ఢిల్లీలో ప్రధాని నెహ్రూ విందు ఇచ్చారు. అస్పృశ్యులకు కాలేజీ సీట్లలో, ఉద్యోగాల్లో ప్రత్యేక సదుపాయాలు కల్పించటాన్ని గురించి ఆయనను అడిగి తెలుసుకొన్నారు. శతాబ్దాల అన్యాయానికి ప్రాయశ్చిత్తంగా దేశం ఆ పని చేయటం కింగ్‌కు నచ్చింది. అమెరికాలో కూడా ఇటువంటిది కావాలని తన గ్రంథంలో రాశారు.

త్రివేండ్రంలో జరిగిన ఒక సంఘటన ఆయన మనస్సులో నాటుకుపోయింది. అస్పృశ్య కుటుంబాల పిల్లలు చదువుకొనే బడికి అతిథిగా వెళ్ళారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఈయన అమెరికా నుంచి వచ్చిన తోటి అస్పృశ్యుడని పిల్లలకు పరిచయం చేశారు. ఆ మాట మొదట కింగ్‌కు చివుక్కుమనిపించింది. ప్రధానమంత్రితో భోజనం చేసి వచ్చిన తనను అంత మాట అంటారా అనుకొన్నారు. కాసేపు ఆలోచించిన మీదట, తన దేశంలో మురికివాడల్లో మగ్గుతున్న 2 కోట్ల మంది తనవారు తలపునకు వచ్చి, ఆ మాట నిజమేనని ఒప్పుకొన్నారు. 1965లో అట్లాంటా చర్చి ప్రసంగంలో ఈ ముచ్చట ఆయనే చెప్పుకొన్నారు.

తర్వాతి ఆరేళ్ళ చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కినదే. 1963లో బర్మింగ్‌హాం పట్టణంలో బడి పిల్లల ఊరేగింపు మీదికి పోలీసులు కుక్కలను ఉసికొల్పి, అగ్నిమాపక యంత్రాలతో నీళ్ళు చిమ్మిన దృశ్యాలు టెలివిజన్‌లో చూసి దేశం నివ్వెరపోయింది. అదే ఏడు ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మందితో జరిగిన సభలో కింగ్ చేసిన ప్రసంగం జగత్ప్రసిద్ధం. మూడు వారాలు తిరగకముందే బర్మింగ్‌హాంలో చర్చి మీద బాంబు వేసి నలుగురు బాలికలను పొట్టనబెట్టుకొన్నారు. 1964లో పౌర హక్కుల చట్టం వచ్చింది. ఆ ఏడే కింగ్‌కు నోబెల్ శాంతి బహుమతి లభించింది. బహుమతి సొమ్ము 54 వేల డాలర్ల పైచిలుకు యావత్తూ ఉద్యమానికే ఇచ్చివేశారు.

1965లో ఓటు హక్కు కోసం పోరాటం. అలబామాలోని సెల్మా ప్రాంతంలో జనాభాలో సగం నల్లవారయినా, వారిలో ఓటర్ల జాబితాకు ఎక్కినవారు నూటికి ఇద్దరు ముగ్గురికి మించలేదు. రాజ్యాంగంలో ఒక భాగం చదివి అర్థం చెప్పమనేవారు. చెప్పినా తప్పని కొట్టివేసే అధికారం గుమాస్తాదే. మార్చి 7న ఊరేగింపుగా బయలుదేరినవారిని వంతెన మీద పోలీసులు చితకబాదారు. జాన్ లూయిస్ అనే యువకునికి తల పగిలింది. ఆయనే తర్వాత 30 ఏళ్ళకు పైగా ప్రతినిధుల సభలో సభ్యులుగా ఉన్నారు. చివరకు కింగ్ నాయకత్వాన 54 మైళ్ళు నడిచి వేలాది మంది రాజధాని మాంట్‌గోమరీ చేరారు. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది.

ఆ ఏడాదే అక్టోబరులో మరో చట్టం చేశారు. పుట్టిన దేశాన్ని బట్టి వలస వచ్చేవారికి వాటాలు కట్టే పాత పద్ధతిని అది తొలగించింది. ఆ పద్ధతిలో భారతీయులకు ఏటా వంద మందికి మించి చోటు ఉండేది కాదు. జాతి భేదానికి ఎదురుగా నల్లవారు నడిపిన ఉద్యమపు గాలి ఈ చట్టాన్ని కూడా ముందుకు తోసింది. మన జిల్లాల నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా వెళ్ళి స్థిరపడటానికి తలుపు తెరుచుకొన్నది అప్పుడే.

అందరూ దూరమైన వేళ

కింగ్‌ను బతికి ఉండగా దేశమంతా నెత్తిన పెట్టుకొన్నదనుకోవటం పొరపాటు. 1966లో జరిపిన గాలప్ అభిప్రాయ సేకరణలో నూటికి 63 మంది ఆయన పట్ల వ్యతిరేకత వెల్లడించారు. కేంద్ర నేర పరిశోధక సంస్థ ఆయన ఫోన్లు వింది, హోటలు గదుల్లో మైకులు అమర్చింది. వ్యక్తిగత జీవితంలో లోపాలు లేని మనిషి కారు ఆయన. వాటిని పట్టుకొని బెదిరిస్తూ ఆకాశరామన్న ఉత్తరం కూడా పంపారు. 1967లో వియత్నాం యుద్ధాన్ని తప్పుపట్టేసరికి ప్రభుత్వం, పెద్ద పత్రికలు, కొందరు సహచరులు కూడా దూరమయ్యారు. హోటల్లో అందరితో కలిసి కూర్చొని తినే హక్కు వచ్చినా తిండి కొనుక్కోవటానికి డబ్బు లేకపోతే ఏం లాభమన్నది అప్పటి ఆయన ఆవేదన. తెలుపు నలుపు తేడా లేకుండా పేదలందరినీ వాషింగ్టన్ తరలించాలని ఏర్పాట్లు చేస్తున్నారు.

అంతలో మెంఫిస్ నుంచి పిలుపు వచ్చింది. టెనెసీ రాష్ట్రంలోని ఆ నగరంలో చెత్త ఎత్తేవారందరూ దాదాపు నల్లవారే. చిల్లులు పడిన తొట్లు నెత్తిన మోస్తుంటే మురుగు ఒంటి మీద కారేది. జీతం చాలక ప్రభుత్వ సహాయం మీద ఆధారపడినవారు అనేకులు. 1968 ఫిబ్రవరి 1న జోరువాన కురుస్తుంటే ఇద్దరు కార్మికులు చెత్త లారీ వెనక తొట్టిలో తలదాచుకొన్నారు. చెత్తను నొక్కే యంత్రం పాడయి దానంతట అదే కదిలింది. ఇద్దరూ నలిగి చనిపోయారు. ఫిబ్రవరి 12న 1,300 మంది పని మానివేశారు. తామూ మనుషులమేనని అట్టల మీద రాసి, మెడలో వేసుకొని రోజూ ఊరేగింపు తీశారు. మేయరు సంఘాన్ని గుర్తించేది లేదన్నాడు.

చేతిలో ఉన్న పెద్ద పని వదిలి అక్కడికి వెళ్ళవద్దని సన్నిహితులు వారించారు. కింగ్ వినలేదు. మార్చి 28న ఆయన నడిపిన ఊరేగింపులో అల్లరి చెలరేగి ఒక 16 ఏళ్ళ కుర్రవాడు పోలీసు కాల్పుల్లో మరణించాడు. శాంతియుతంగా మళ్ళీ నడిపించి తీరాలని తిరిగి వచ్చారు. ఏప్రిల్ 4 సాయంత్రం ఆరు గంటల వేళ లోరెయిన్ మోటెల్ మేడ వసారాలో నిలబడి ఉండగా ఎదుటి ఇంటి నుంచి వచ్చిన తుపాకి గుండు ఆయన దవడను ఛేదించింది. గంటలో ప్రాణం పోయింది. వందకు పైగా నగరాల్లో అల్లర్లు జరిగాయి. నాలుగు రోజులు తిరగకుండానే భార్య కొరెట్టా పిల్లలను వెంటబెట్టుకొని మెంఫిస్ వచ్చి, ఆయన నడపవలసిన ఊరేగింపును తానే నడిపారు. వేలాది మంది నోరు మెదపకుండా నడిచారు. ఏప్రిల్ 16న నగర పాలకులు దిగివచ్చి సంఘాన్ని గుర్తించారు, జీతాలు పెంచారు.

తాను పోయిన నాడు నోబెల్ బహుమతి ఊసు ఎత్తవద్దని, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టటానికి ప్రయత్నించాడని చెబితే చాలునని రెండు నెలల ముందే చర్చిలో చెప్పి ఉన్నారు. అంత్యక్రియల్లో ఆ టేపునే వినిపించారు. శవపేటికను కంచరగాడిదలు లాగే పల్లెటూరి బండి మీద తీసుకువెళ్ళారు. 1969లో భారత ప్రభుత్వం నెహ్రూ అవార్డును కొరెట్టాకు ఢిల్లీలో అందజేసింది. ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ కూడా విడుదల చేసింది.

సెలవు కోసం మరో పోరాటం

అట్లాంటా చర్చిలో ఏటా జనవరి 15న ప్రార్థనలు, సభలు జరుపుతూ వచ్చారు. కార్మిక సంఘాలు ఆ రోజు జీతంతో సెలవు కావాలని యజమానులతో ఒప్పందాల్లో రాయించుకొన్నాయి. 1979లో బిల్లు ప్రతినిధుల సభలో కావలసిన మెజారిటీకి అయిదు ఓట్ల తేడాతో పోయింది. గాయకుడు స్టీవీ వండర్ పాట కట్టి ఊరూరా ప్రచారం చేశారు. 60 లక్షల సంతకాలు పోగయ్యాయి. జీతంతో మరో సెలవంటే ఖర్చని కొందరు, పదవి లేని మనిషికి ఇంత గౌరవమేమిటని కొందరు అడ్డుపడ్డారు. చివరకు 1983 నవంబరు 2న అధ్యక్షుడు రీగన్ సంతకం చేశారు. 1986 జనవరి 20న తొలి సెలవు.

అంతటితో అయిపోలేదు. అరిజోనా రాష్ట్రంలో 1990లో ఓటర్లే వద్దన్నారు. అక్కడ జరగవలసిన దేశంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ పోటీ తరలిపోయాక 1992లో ఒప్పుకొన్నారు. దక్షిణ కరోలినా 2000 దాకా ఆగింది. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు ఆ తర్వాత కూడా బానిసత్వం నిలపటానికి యుద్ధం చేసిన పక్షపు సేనాపతి రాబర్ట్ లీ జయంతిని అదే రోజున కలిపి జరుపుతూ వచ్చాయి.

1994లో జాన్ లూయిస్, సెనేటర్ హారిస్ వాఫర్డ్ తెచ్చిన చట్టంతో అది సేవా దినం కూడా అయింది. ఆ రోజు బడులకు రంగులు వేస్తారు, అన్నదానానికి సరుకులు మూటలు కడతారు, ఓటర్లను చేర్పిస్తారు. మెంఫిస్‌లో ఆయన నేలకొరిగిన మోటెల్ 1991 నుంచి ప్రదర్శనశాల. ఆయన నిలబడిన మేడ వసారా రెయిలింగుకు పూలదండ వేలాడుతుంది.

ఆనాటి సమ్మె కార్మికులు నగర పింఛను పథకంలో లేరు. దానితో కొందరు ముసలితనంలోనూ చెత్త లారీల మీద పని వదలలేకపోయారు. 2017లో, అంటే సమ్మె జరిగిన 49 ఏళ్ళకు, అప్పటికి బతికి ఉన్న పదిమందికి పైగా వృద్ధులకు తలా 50 వేల డాలర్లు ఇవ్వాలని మెంఫిస్ నగరం నిర్ణయించింది. తర్వాత దాన్ని 70 వేలు చేసింది.